బుడమేరు గట్టు మీద కలుపు, తేనెమైనంలో

కార్తీకం

అయిదు చెక్క పలకలు. ఒక్కోటి అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. రంగు వేసేది వేడి తేనెమైనంతో. దీన్ని ఎన్‌కాస్టిక్ అంటారు. తేనెమైనం కరిగించి, కొంచెం గుగ్గిలం, రంగు పొడి కలిపి, వేడిగా ఉండగానే చెక్కకి పూయాలి. చల్లారి బిగుసుకోవడానికి క్షణాలు చాలు. ఆ పొరని హీట్ గన్‌తో మళ్ళీ కరిగించి కింది పొరకి అతికించాలి. ఇలా ఎన్ని పొరలైనా వేసుకోవచ్చు. ఈజిప్టులో ఫయూమ్ దగ్గర దొరికిన మమ్మీల ముఖచిత్రాల్లో చాలావాటిని ఇలాగే వేశారు. అవి క్రీ.శ. 1–3 శతాబ్దాల నాటివి. అమెరికాలో జాస్పర్ జాన్స్ 1954–55లో తమ దేశపు జెండా బొమ్మని న్యూస్‌పేపర్ ముక్కల మీద మైనంతోనే వేశాడు. అక్షరాలు మైనం కింద నుంచి మసగ్గా కనిపిస్తూ ఉంటాయి. నాకు కావాల్సిందీ అదే, కిందది దాగకుండా పైది వెయ్యగలగడం.

నా బొమ్మల్లో కింద ఉండేది ఒండ్రు, పైన ఉండేది కలుపు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి బెజవాడలోని సింగ్‌నగర్ మీద పడింది. నీరు తీశాక ఆ గట్టున ముందుగా ఏవి మొలిచాయో అవే నా పలకలు: గరిక, గుర్రపుడెక్క, తూటికాడ, గోడ పగుల్లో రావి. అయిదోది రెల్లు. అది సింగ్‌నగర్‌ది కాదు, కృష్ణ లంకల్లోది. కానీ అది లేకుండా బెజవాడ నీళ్ళ మీద బొమ్మలేమిటి!

ప్రకృతి ఎన్ని దెబ్బలు తిన్నా మళ్ళీ లేస్తుందని బొమ్మ వెయ్యమంటే పదిమందిలో తొమ్మిదిమంది బీటలు వారిన నేల, అందులో లేత మొలక, వెనకాల సూర్యుడు వేస్తారు. బ్యాంకు క్యాలెండర్ల మీద చూసి చూసి విసుగొచ్చిన బొమ్మ అది. సింగ్‌నగర్‌లో నేను చూసింది వేరు. ముందు లేచినవన్నీ మనం పీకి పారేసేవే. వాటిలో ఒకటి రెండు అసలు కాలువకి అడ్డంపడి నీటిని పోనివ్వనివి. వాటి మొండితనాన్ని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలియని ఇబ్బంది ఉంది చూడండి, అది పలక మీదికి రావాలి. లేకపోతే ఈ వేడిలో మైనంతో కుస్తీ ఎందుకు?

డిసెంబరు, మైనం వేట

వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల మూలికల కొట్లలో తేనెమైనం అడిగితే లేదనరు. ఇచ్చేది తేనెమైనమేనా అన్నదే ప్రశ్న. చాలాచోట్ల పారఫిన్ కలుస్తుంది. కొవ్వొత్తి మైనం కలిస్తే బొమ్మ పెళుసుగా ఉండి పగుళ్ళిస్తుంది. చిన్న ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలపాలి. అసలైనదైతే ఒంటి వేడికే మెత్తబడి సాగుతుంది, జారదు, జిడ్డు మిగలదు. విరిస్తే విరిగినచోట రవ్వరవ్వగా ఉంటుంది. వాసన తేనెది, దానితో పాటు కాస్త పుప్పొడిది. పారఫిన్ నున్నగా, గాజులాంటి తెలుపులో ఉండి వేళ్ళకి జారుతుంది.

నాకు దొరికింది కరిగించి అచ్చులు పోసిన సరుకు కాదు, తేనె పిండేసిన నల్లటి పట్టు. అగ్గువ, కానీ పని ఎక్కువ. పాత పలచటి చీర ముక్కలో మూటగట్టి, స్టీలు గిన్నెలో నీళ్ళతో కాచాను. మైనం పైకి తేలుతుంది, తుక్కు మూటలో ఉండిపోతుంది. ఇనుప మూకుడు, ఇత్తడి గిన్నె పనికిరావు, మైనం రంగు మారిపోతుంది. చల్లారాక పసుపుపచ్చటి బిళ్ళ తేలింది. అడుగున అంటుకున్న మడ్డిని కత్తితో గీకేసి మళ్ళీ కాచి వడగట్టాను. మొత్తం పట్టులో వచ్చిన మైనం చూస్తే ఉసూరుమనిపిస్తుంది. తేనెటీగలు పొట్ట కింద గ్రంథుల నుంచి దీన్ని చిన్న చిన్న పొలుసులుగా తీస్తాయి. కిలో మైనానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తింటాయని పెంపకందార్లు లెక్క చెబుతారు. ఆ లెక్క విన్నాక బ్రష్షుకి అంటిన మైనం కూడా తుడిచి పారెయ్యాలనిపించదు.

మైనంతో రంగుల పని మన వైపు కొత్తేమీ కాదు. మచిలీపట్నం కలంకారీ అద్దకాల్లో నీలిమందు ఎక్కకూడని చోట గుడ్డకి కరిగిన మైనం రాసేవాళ్ళు. నీలి తొట్టిలో ముంచి తీశాక వేడినీళ్ళలో మైనం వదిలించేవాళ్ళు. అక్కడ మైనం పని అయ్యాక పోతుంది, ఇక్కడ ఉండిపోతుంది. అంతే తేడా.

అదే కొట్లో గుగ్గిలం కూడా తీసుకున్నాను. సాలవృక్షపు జిగురు. ఎన్‌కాస్టిక్ వేసేవాళ్ళు సాధారణంగా వాడే డామర్ అనే జిగురు కూడా ఆ కుటుంబపు చెట్లదే, ఆగ్నేయాసియా నుంచి వస్తుంది. మా కొట్టాయన గుగ్గిలాన్ని ధూపానికే అమ్ముతాడు. "దీంతో బొమ్మలేంటమ్మా, ఇల్లంతా పొగ వేసుకోవాలి గానీ" అన్నాడు. ఒకప్పుడు పడవల సందులు పూడ్చడానికీ దీన్నే వాడేవాళ్ళు. రోమన్ రచయిత ప్లినీ కూడా మైనం రంగుల గురించి రాస్తూ ఓడలకి పూసే పద్ధతిని ప్రస్తావిస్తాడు. ఎండకీ ఉప్పునీటికీ గాలికీ అది చెడదంటాడు. ఆ భరోసాతోనే వరద బొమ్మలకి దిగాను.

రంగుల దగ్గర ఒక హెచ్చరిక. పాత పద్ధతి రంగులని సరదాపడి మూలికల కొట్లో దొరికేవన్నీ కొనకండి. అసలు సిందూరం అంటే సీసం, ఇంగిలీకం అంటే పాదరసం, హరిదళం అంటే ఆర్సెనిక్. చల్లగా ముట్టుకోవడమే ప్రమాదం, ఇక వేడి మైనంలో కలిపి ఆ గాలి పీల్చడం ఆలోచించక్కర్లేదు. నా రంగులు పెయింట్ల కొట్టువి: గచ్చు చేసేటప్పుడు సిమెంటులో కలిపే ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు. ఎండకీ మైనం వేడికీ ఇవి మారవు. క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ, అల్ట్రామెరీన్ నీలం, టైటానియం తెలుపు ఆర్ట్ సామాన్ల కొట్లో తీసుకున్నాను. పొడులు తూచేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పదు. ఇంట్లో పసుపు ఉండగా పసుపు రంగు కొనడమేమిటని పిన్ని ఆశ్చర్యం. పసుపు కొమ్ముల రంగు మైనంలో బ్రహ్మాండంగా దిగుతుంది, కానీ వెలుతురుకి ఆగదు, వెలిసిపోతుంది.

డిసెంబరు చివర, చెక్క

మైనానికి గుడ్డ కాన్వాసు పనికిరాదు. వంగితే పగులుతుంది. గట్టి చెక్క కావాలి, అది మైనాన్ని పీల్చుకోవాలి. సింగ్‌నగర్‌లో ఒక వడ్రంగి మేస్త్రీ షెడ్డులో వరదలో పాడైన సామాను ఇంకా ఒక మూల పడి ఉంది. ప్లైవుడ్ బీరువాలన్నీ పొరలు విడిపోయి అట్టల్లా లేచిపోయాయి. వాటి పక్కనే ఒక పాత వేప తలుపు.

"ఇది ఎవరిదండీ మేస్త్రీగారూ?"

"ఎవరిదో, తీసుకెళ్ళమంటే కొత్త ఫ్లష్ డోరు పెట్టించుకున్నారమ్మా. ఇది వారం పైన నీళ్ళలో ఉంది. నానింది, ఎండింది, మళ్ళీ తలుపే అయింది. ఆ ప్లైవుడ్‌ని చూడండి, కొన్నప్పుడు దీనికి పదింతలు పోజు కొట్టింది."

బేరం లేకుండా ఇచ్చాడు. కోసి, పాత ఎనామెల్ రంగు పోయేదాకా చిత్రిక పట్టించాను. రంగు మిగిలి ఉంటే మైనం చెక్కలోకి దిగదు. చిత్రిక పట్టినా ఒండ్రు నీటి మరక మాత్రం నారల్లో ఉండిపోయింది, అడ్డంగా ఒక గోధుమ చార. దాన్ని వదిలెయ్యమన్నాను. ఆయన అప్పటికే ఇంకోసారి చిత్రిక ఎత్తాడు.

చెక్క లోపల చెమ్మ ఉంటే వేడి తగలగానే ఆవిరి బుడగలై మైనంలోంచి పైకి వస్తుంది, పొరంతా సూది బెజ్జాలే. అందుకని పలకల్ని మేడ మీద నీడలో నిలబెట్టి బాగా ఆరనిచ్చాను. డిసెంబరు పొడి గాలి ఈ పనికి మంచిది.

పూత గురించి కాస్త వివరంగా. బజార్లో దొరికే అక్రిలిక్ ప్రైమర్ వేస్తే మైనం పైపైన కూర్చుని తర్వాత పెచ్చులు లేస్తుంది. కావాల్సింది పీల్చే పూత. వడ్రంగులు వాడే వజ్రం జిగురు రాత్రి నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, జల్లించిన సుద్ద పొడి కలిపాను. గరిటె జారుడుగా ఉన్నప్పుడే పలకకి పూసి, ఆరాక అడ్డంగా ఇంకో పూత, ఆపైన మళ్ళీ నిలువుగా. చివర్లో గరుకు కాగితం. మనకి బాగా తెలిసిన వరసే ఇది. కొండపల్లిలో పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, తెల్లటి పూత వేసి, ఆ తర్వాతే రంగు వేస్తారు. నీటి చార ఉన్న పలక మీద మాత్రం సుద్ద పల్చగా, చార కనిపించేలా వేశాను. అది గరికకి.

సంక్రాంతి ముందు, ఒండ్రు

పిన్నివాళ్ళ ఇల్లు సింగ్‌నగర్‌లోనే, కింది వాటా. కడిగి, సున్నాలు వేసి, రంగులు వేసి ఏడాది దాటినా మెట్ల కింద గూట్లో, దొడ్డి గోడకీ ట్యాంకుకీ మధ్య సందులో ఒండ్రు గడ్డకట్టి ఉంది. సంచి పట్టుకుని వెళ్తే పిన్ని నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"మేమేమో దాన్ని వదిలించుకోలేక చస్తుంటే నువ్వు మూట కట్టుకుపోతావేంటే?"

"కాస్తే పిన్నీ."

"కాస్తెందుకు, మొత్తం పట్టుకెళ్ళు. మీ బాబాయి ట్రాక్టరు పిలుస్తాడు."

మురుగు కూడా కలిసిన మట్టి అది, చేతులకి గ్లవ్స్ వేసుకోవాల్సిందే. ఇంటికి తెచ్చి పాత బకెట్లో నీళ్ళు పోసి కలియబెట్టాను. ముతక ఇసుక క్షణాల్లో అడుక్కి పోతుంది. పైన కలకగా ఉన్న నీటిని వేరే బకెట్లోకి వంచి, అది తేటబడ్డాక నీళ్ళు పారబోస్తే అడుగున మిగిలేది మెత్తటి ఒండ్రు. దాన్ని ఎండబెట్టి, దంచి, మూకుట్లో వేయించాను. తడి పూర్తిగా పోకపోతే వేడి మైనంలో పడగానే చిటపటలాడి మొహం మీదికి చిందుతుంది. పల్చటి గుడ్డలో జల్లిస్తే చివరికి బూడిద కలిసిన గోధుమ రంగు పొడి. ఏ కంపెనీ రంగు డబ్బాలోనూ లేని రంగు అది.

సంక్రాంతి, మైనం కలపడం

కనుమ నాడు అందరూ పెసరట్లతో బిజీగా ఉంటే నేను మేడ మీద. గుగ్గిలం దంచి చెత్త ఏరేశాను. అది మైనం కంటే ఎక్కువ వేడికి గానీ కరగదు, కరిగేటప్పుడు పొగ వస్తుంది, అందుకే ఈ ఒక్క పనీ ఆరుబయట చెయ్యాలి. తూకంలో ఎనిమిది వంతుల మైనానికి ఒక వంతు గుగ్గిలం. గుగ్గిలం బొమ్మని గట్టిపరుస్తుంది, మెరుపు ఇస్తుంది. ఎక్కువైతే పెళుసు. మన ఊరి ఎండని తలుచుకుని కాస్త ఎక్కువ వేద్దామన్న ఆశ పుట్టింది గానీ, పలచటి ముక్క పోసి విరిచి చూస్తే అప్పడంలా విరిగింది. ఎనిమిదికి ఒకటి దగ్గరే ఆగాను. కరిగాక గుడ్డలో వడగట్టి, కప్‌కేకుల అచ్చుల్లో పోశాను.

రంగులు వేడిగా ఉంచడానికి ఆటోనగర్‌లో దళసరి అల్యూమినియం పలక కోయించి, కాయిల్ హీటరు మీద పెట్టాను. ఇండక్షన్ పొయ్యి అల్యూమినియంని వేడెక్కించదు. పలక మీద చిన్న స్టీలు గిన్నెలు, గిన్నెకో రంగు, రంగుకో బ్రష్షు. బ్రష్షులు పందివెంట్రుకలవే. నైలాన్‌వి గిన్నెలోనే ముడుచుకుపోతాయి. థర్మామీటర్ గన్‌తో చూస్తూ 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంచాలి. తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గర, కానీ బ్రష్షు మీద పారాలంటే అంతకంటే వేడి కావాలి. వంద దాటి పొగ వస్తుందంటే మైనం మాడుతోందని, ఆ పొగ కళ్ళకీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. ఎప్పుడైనా అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, నూనె మంటలాగే ఎగిసిపడుతుంది. మూతపెట్టి ఆర్పాలి. గిన్నెలన్నిటికీ సరిపడే పెద్ద పళ్ళెం పక్కనే ఉంచుకుంటాను.

ఫిబ్రవరి, గరిక

ముందు రంగు లేని మైనం ఒక పూత, హీట్ గన్‌తో సుద్దలోకి ఇంకేదాకా. ఆ పైన ఒండ్రు కలిపిన మైనం. మట్టి గిన్నె అడుక్కి దిగిపోతూ ఉంటుంది, బ్రష్షు ముంచిన ప్రతిసారీ కలపాలి. ఒండ్రు పాలు ఎక్కువైనచోట పొర మెరుపు పోయి గరుగ్గా, నిజంగానే ఆరిన బురద పైభాగంలా వచ్చింది. గోడ మీద నీళ్ళు నిలిచిన గీతల్లాగా పొరని కొంచెం కొంచెం కిందికి దించుకుంటూ వచ్చాను. వరద ఒక్క గీత గీసి పోదు. దిగుతూ దిగుతూ గీస్తుంది. పిన్నివాళ్ళ ప్రహరీ మీద అలాంటి గీతలు సున్నం కింద ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు.

ఫ్యాను వేస్తే మైనం బ్రష్షు మీదే గడ్డకడుతుంది. వెయ్యకపోతే నేను కరుగుతాను. కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటీ పెట్టి, గాలి పలక మీదికి కాకుండా బయటికి పోయేలా చూసుకున్నాను.

గరిక నీటి అడుగున పడి పైది కుళ్ళినా, భూమిలోని కాండం, కణుపులు బతికుంటాయి. నీరు తీసిన చోట ఒక్కో కణుపు నుంచి వేరు కిందికీ పిలక పైకీ వస్తాయి. బొమ్మలో నాకు ఆకుల కంటే ఆ కణుపులే ముఖ్యం. నిజం గరికనే మైనంలో పెట్టొచ్చు, పెట్టి చూశాను కూడా. పుస్తకాల మధ్య ఉంచి గలగలలాడేలా ఎండితేనే పనికొస్తుంది, పచ్చి ఉంటే లోపలే నల్లబడుతుంది. కానీ పెట్టాక చూస్తే గ్రీటింగ్ కార్డులా తయారైంది. తీసేశాను.

గీసి నింపే పద్ధతిలోకి మారాక పలక దారిలో పడింది. చల్లారిన మైనంలో సూదితో గరిక తీగ గీసి, ఆ గాడిలో ఆకుపచ్చ, గోధుమ మైనం పోసి, పైపైన బ్లేడుతో సమంగా గీకాలి. గాడిలో ఉన్నది నిలుస్తుంది, పైన పొంగింది పోతుంది. మన ఊళ్ళో ఈ గీకుడు పని తెల్లవారుజామునే చెయ్యాలి. చలిదేశాల వాళ్ళ వీడియోల్లో మైనం చల్లారి రాయిలా ఉంటుంది, బ్లేడు గీస్తే పొట్టు రాలుతుంది. బెజవాడలో పదకొండు దాటితే పొట్టు రాలదు, బ్లేడుకి అంటుకుని సాగుతుంది. పేజీలకి పేజీలు సలహాలు చదివినా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్ళకి అవసరం లేదు కాబట్టి.

నీటి చార ఎక్కడుందో దానికి కాస్త కింద గరిక పిలకలు ఆగాయి. చార మీదుగా పోనివ్వాలా, కిందే ఆపాలా అని చాలాసేపు కూర్చున్నాను. దాటించాను.

శివరాత్రి తర్వాత, గుర్రపుడెక్క

కష్టమైన పలక ఇదే, నాకు బాగా నచ్చిందీ ఇదే.

దీని మొండితనం లెక్కల్లో చెప్పదగ్గది. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఆకు తొడిమలు గాలి నిండిన బుడ్డలు, అందుకే తేలుతుంది. గింజలు బురదలో ఏళ్ళ తరబడి ప్రాణంతో ఉంటాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, అందమైన పువ్వు కోసం దేశాలు తిప్పారు. ఇప్పుడు ఏ కాలువ వంతెన దగ్గర చూసినా అదే. దీన్ని హీరోని చేస్తే అబద్ధం, విలన్‌ని చేస్తే సగం అబద్ధం. నీరు వెళ్ళే దారిలో ఇళ్ళు కట్టింది ఇది కాదుగా.

అందుకని దీని కింద మొక్క కాకుండా మ్యాపు పెట్టాను. బుడమేరు దారి, నేనే నల్లటి గీతగా గీసి లేజర్ ప్రింట్ తీయించాను. వెలగలేరు రెగ్యులేటరు, అక్కడి నుంచి కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలువ, పాత దారి, సింగ్‌నగర్, చివర కొల్లేరు. 2024లో కొండపల్లి, కవులూరు వైపు మళ్ళింపు కాలువ కట్టకి గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, అంతవరకూ ఎప్పుడూ అంత రాలేదు. అటు నది తీసుకోలేదు, ఇటు కట్ట ఆగలేదు, నీళ్ళు పాత దారి వెతుక్కుంటూ ఊళ్ళోకి వచ్చాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది.

ప్రింటుని మైనం మీదికి దించడం తేలికే: సిరా వైపు కిందికి పెట్టి, చెంచా వెనకతో గట్టిగా రుద్ది, కాగితం తడిపి వేలితో నలిపి తీసెయ్యాలి. నల్ల గీత మైనం మీద ఉండిపోతుంది. తడి పూర్తిగా ఆరాకే వేడి పెట్టాలి. ఇంక్‌జెట్ ప్రింటుతో ఇది కుదరదు, లేజర్ ప్రింటో జిరాక్సో ఉండాలి. గీత అద్దం బింబంలా తిరగబడుతుంది కాబట్టి ముందే తిప్పి ప్రింట్ తీయించుకోవాలి.

ఆ పైన రంగులేని మైనం రెండు పొరలు, తర్వాత ఆకులు. క్రోమియం ఆకుపచ్చలో నలుపు చుక్క, పసుపు చుక్క. బుడ్డల మీద మాత్రం మైనం మందంగా, పొంగి ఉండేలా వేశాను, వేలితో తడిమితే తెలుస్తుంది. పువ్వుకి అల్ట్రామెరీన్, తెలుపు, కొద్దిగా ఎర్ర ఆక్సైడ్. లేత ఊదా రావాల్సింది మురికి ఊదా వచ్చింది, కాలువ నీళ్ళలో అదే సరిగ్గా కనిపించింది. పై రేకు మీద పసుపు మచ్చ ఒక్కటే పలకంతటిలో ప్రకాశంగా ఉండేది. ఆకులు మ్యాపుని దాదాపు కప్పేశాయి. ఒక్క సింగ్‌నగర్ దగ్గర మాత్రం బ్లేడుతో గీకి గీతని బయటికి తెచ్చాను.

మార్చి, రావి

దీని గురించి రాయడానికి ఎక్కువ లేదు. పక్షి రెట్టలోని గింజ పిట్టగోడ పగుల్లో పడి మొలిచిన మొక్క, నాలుగు ఆకులు. తెలుపులో సున్నపు గోడ, అందులో ఉలితో చెక్కిన పగులు, పగులు నిండా నల్ల ఆక్సైడ్. లేత రావి ఆకు రాగి ఎరుపు ఎర్ర ఆక్సైడ్‌తో తేలిగ్గా వచ్చేసింది. బొమ్మ బాగుంది, మరీ బాగుంది. చూసినవాళ్ళందరికీ ముందు ఇదే నచ్చుతోంది, అందుకే నాకు దీని మీద కొంచెం అనుమానం.

ఉగాది, తూటికాడ

గట్టు బాగుచేసేవాళ్ళు జేసీబీతో తూటికాడని నరికి పక్కకి పోస్తారు. ముక్క ఎక్కడ పడితే అక్కడ వేళ్ళూనుతుంది. నీళ్ళలోనూ బతుకుతుంది, ఎండిన గట్టు మీదా బతుకుతుంది. పశువులు ముట్టవు. దాన్ని నరకడమంటే ఒకరకంగా నాటడమే.

అన్ని పలకలూ గీకగా వచ్చిన పొట్టుని డబ్బాలో దాస్తూ వచ్చాను. మైనానికి ఈ గుణం ఉంది, ఎప్పుడు వేడి చేసినా మళ్ళీ రంగే. ఆ పొట్టంతా కలిపి కరిగిస్తే బూడిద, ఆకుపచ్చ, మట్టి కలిసిన ఒక పేరులేని రంగు వచ్చింది. దాన్ని రేకు మీద పలచగా పోసి, మెత్తగా ఉన్నప్పుడే వేలెడంత ముక్కలుగా కోశాను. ఒండ్రు పొర మీద ఆ ముక్కల్ని చెల్లాచెదురుగా పేర్చి, హీట్ గన్‌ని దూరం నుంచి ఊపుతూ అడుగు మాత్రమే కరిగేలా అతికించాను. దగ్గరికి తెస్తే గాలి విసురుకే ముక్కలు కొట్టుకుపోతాయి, అప్పుడు చిన్న బ్యూటేన్ టార్చి నయం. ప్రతి ముక్క కొసనా ఒక తెల్లటి వేరు, సూదిమొనతో. పువ్వు ఒక్కటే పెట్టాను, గులాబీ కలిసిన ఊదా.

పిన్నికి ఫోటో పంపితే వెంటనే ఫోను. "ఆ దరిద్రాన్ని మా దొడ్డి వెనక రోజూ చూస్తూనే ఉన్నాం, మళ్ళీ బొమ్మెందుకే?" ఇంతవరకూ ఈ పలకల మీద వచ్చిన అభిప్రాయాల్లో నాకు పనికొచ్చింది ఇదొక్కటే. పువ్వుని గీకేశాను. ముక్కలు, వేళ్ళు మిగిలాయి. ఇప్పుడది సరిగ్గా దొడ్డి వెనకలాగే ఉంది.

ఏప్రిల్, ఎండ పరీక్ష

అందరూ అడిగే ప్రశ్న: మన ఎండలకి ఇవి కరిగిపోవా? నీడలో ఉన్న ఉష్ణోగ్రత 45 డిగ్రీలకి వచ్చినా మైనం కరగదు, దానికి ఇంకా పదిహేను డిగ్రీల పైన కావాలి. కానీ కరగకపోవడం వేరు, మెత్తబడకపోవడం వేరు. రంగుల నమూనా పలక ఒకటి మధ్యాహ్నం మేడ మీద పెట్టి థర్మామీటర్ గన్‌తో చూశాను. తెలుపు ఉన్నచోట పరవాలేదు. నలుపు, ఒండ్రు ఉన్నచోట్ల ఎండని పీల్చుకుని పైపొర వేలిముద్ర పడేంత మెత్తబడింది, గాల్లో దుమ్ము అంటుకుంది. కాబట్టి నేరుగా ఎండ పడే గోడ, పడమటి గోడ, వంటింటి పొయ్యి వెనక గోడ వద్దు. తలుపులేసిన కారులో అసలే వద్దు, అక్కడ వేడి మైనం కరిగేంత వరకూ పోగలదు. తీసుకెళ్ళాల్సి వస్తే పొద్దున్నే, బటర్ పేపర్ చుట్టి, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి. బబుల్ రేపర్ నేరుగా చుడితే బుడగల అచ్చు పడిపోతుంది.

పూర్తిగా గట్టిపడడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోగా పైన తెల్లటి మసక లాంటిది కడితే మెత్తటి నూలు గుడ్డతో రుద్దితే పోయి మెరుపు తిరిగొస్తుంది. మైనం బొమ్మకి అద్దం అక్కర్లేదు.

గరిక పలక పిన్ని అడిగి తీసుకుంది. "వినాయకుడికి ఇష్టం కాబట్టి పెట్టుకుంటా, నీ బొమ్మని కాదు" అని స్పష్టంగా చెప్పింది. హాల్లో తూర్పు గోడకి మేకు కొట్టించింది. మేస్త్రీగారు ఆ పలకలో వేప చెక్కని వెనక నుంచి చూసి గుర్తుపట్టారు, ముందు వైపు పెద్దగా చూడలేదు.

రెల్లు మిగిలింది. అది భాద్రపదం చివర్లో గానీ పూయదు. ఫోటోలు చూసి వెయ్యను. భవానీ ద్వీపం వైపు లంకల్లో పూత మొదలయ్యాక వెళ్ళి గాలికి ఎలా వంగుతుందో చూసి గీసుకోవాలి, ఆ తెలుపు టైటానియం తెలుపు కాదని నా అనుమానం. పలకకి సుద్ద పూత అయిపోయింది. ఒండ్రు సరిపడా ఉంది. మైనం మాత్రం ఇంకో రెండు కిలోలు కావాలి, ముందే చెప్పి ఉంచాను. వానలు పడితే పట్టు రాదని కొట్టాయన మే నెలలోనే తీసుకోమన్నాడు.